కంపోస్టు వేశాక టమాటా మొక్కలు పాలిపోయాయి, పెరటికి దీనివల్ల నిజంగా మేలు ఉందా?

పాలకొల్లు_పెరడు
మా ఇంటి వెనుక నాలుగు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. పూర్తిగా నల్లమట్టి. వానాకాలంలో కాలు పెడితే చెప్పు బురదలోనే ఉండిపోతుంది, ఏప్రిల్ వచ్చేసరికి నేల బీటలు తీసి గడ్డపారకు కూడా లొంగదు. ఇలాంటి నేలకు కంపోస్టే మందని అందరూ చెప్పడంతో వినాయక చవితి వెళ్లిన వారం నుంచి ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో వంటింటి తుక్కు, ఎండుటాకులు, చుట్టాల ఊరి నుంచి తెచ్చిన వరిగడ్డి, పీచు మిల్లువారు ఊరికే ఇచ్చిన కొబ్బరి పొట్టు వేసుకుంటూ వచ్చాను. కార్తీక మాసంలో దాన్ని పాదుల్లో దట్టంగా వేసి టమాటా, వంగ, మిరప నారు నాటాను. రెండు వారాలు తిరగకముందే కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, కొత్త చిగురు రావడం ఆగిపోయింది. పక్కింటివారు అదే రోజు, అదే మడిలోని నారు తెచ్చి నాటి, తరువాత కొంచెం యూరియా వేశారు. వారి మొక్కలు ముదురు ఆకుపచ్చగా, నా మొక్కలకు రెండింతల ఎత్తున ఉన్నాయి. రోజూ పనికి వెళ్లేముందు డ్రమ్ము మూత తీసి ఎంతో ఆశగా చూసుకున్నాను కాబట్టి ఈ ఫలితం చాలా బాధ కలిగించింది. కంపోస్టు వల్ల మొక్కలకు ఒరిగేది ఏమిటో, నా పొరపాటు ఎక్కడ ఉందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

మట్టిపిడికిలి
పాదుల్లో వేసిన రోజుకు గడ్డి ఇంకా గడ్డిలాగే కనిపించిందా, లేక చేత్తో నలిపితే పొడి అయ్యిందా? వాసన ఎలా ఉంది? ఈ రెండూ తెలిస్తే సగం సంగతి తేలిపోతుంది.

పాలకొల్లు_పెరడు
గడ్డి నల్లబడింది కానీ పోచలు పోచలుగానే ఉంది. కొబ్బరి పొట్టు వేసినది వేసినట్టే ఉంది. చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా తగిలింది. పైన పుల్లటి వాసన, అడుగున మురుగు వాసన వచ్చింది. మొత్తం మీద 55 రోజులు అయ్యాయి.

తోటబడి_పాతవిద్యార్థి
మీరు వేసినది ఇంకా కంపోస్టు కాలేదు. కుళ్లుతూ ఉన్న పదార్థాన్ని వేళ్ల పక్కన పెట్టడం వల్లనే ఈ ఇబ్బంది వచ్చింది.

తుక్కును చివికించే సూక్ష్మజీవులకు కర్బనం తిండి, నత్రజని ఒంటిని కట్టుకునే సరుకు. కుప్ప పెట్టేటప్పుడు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉంటే వాటి పని సాఫీగా సాగుతుంది. వరిగడ్డిలో ఈ నిష్పత్తి 80కి అటూ ఇటూగా ఉంటుంది, కొబ్బరి పొట్టులో 100 దాటుతుంది. పొట్టులో లిగ్నిన్ అనే మొండి పదార్థం కూడా ఎక్కువ కాబట్టి అది నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. మీ డ్రమ్ములో ఈ రెండూ ఎక్కువై పచ్చి పదార్థం తక్కువైంది. దాన్ని పాదులో వేసేసరికి సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని చుట్టుపక్కల మట్టిలోంచి లాక్కున్నాయి, పసి మొక్కకు మిగలలేదు. నత్రజని చాలనప్పుడు మొక్క ముదురు ఆకుల్లోంచి దాన్ని చిగురుకు తరలించుకుంటుంది, అందువల్లనే కింది ఆకులు ముందుగా పసుపు రంగుకు తిరిగాయి. పక్కింటి వారి మొక్కలకు యూరియా నుంచి నత్రజని అందింది, మీ పాదులో లోటు అలాగే ఉండిపోయింది.

మొక్కలను పీకవద్దు. లీటరు నీటిలో 5 గ్రాముల యూరియా కరిగించి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారం తరువాత మరొకసారి చేయండి. యూరియా ఇష్టం లేకపోతే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కను రెండు రోజులు నానబెట్టి, ఆ నీటిని బాగా పలుచన చేసి పాదుల్లో పోయండి. పాదులోని గడ్డిని వేళ్లు కదలకుండా పైకి తీసి, మొదలుకు జానెడు దూరంలో కప్పుగా పరచండి. నేల మీద పరచిన గడ్డి మట్టిలో కలిపిన గడ్డిలా నత్రజనిని లాగదు.

కాలువకింద_రైతు
ఇంత శ్రమ ఎందుకు అన్నది నా ప్రశ్న. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని ఉంటుంది, అంటే 20 కిలోల పైచిలుకు. పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం మాత్రమే. ఆ ఒక్క బస్తాలోని నత్రజని కావాలంటే నాలుగు టన్నుల ఎరువు తోలాలి. పైగా మొదటి ఏడాది మొక్కకు అందేది అందులో మూడో వంతు లోపే. నేను ముప్ఫై ఏళ్లుగా సార్వా, దాళ్వా (వానాకాలం, ఎండాకాలం వరి) రెండూ పండిస్తున్నాను. మా నాన్నగారి కాలంలో పెంటకుప్పల నుంచి బండ్ల మీద ఎరువు తోలేవారు, ఇప్పుడు పశువులూ లేవు, తోలే మనుషులూ లేరు. కంపోస్టు మంచిదే కావచ్చు, కానీ మొక్కకు తిండి పెట్టే విషయంలో దాని బలం చెప్పుకునేంత కాదు.

మట్టిపిడికిలి
కాలువకింద_రైతు గారి లెక్క సరైనదే. ఆ లెక్కలోకి రాని సంగతి ఒకటి ఉంది. పెరటిలో కంపోస్టు చేసే పెద్ద మేలు తిండి పెట్టడం కంటే మట్టిని మార్చడంలోనే కనిపిస్తుంది.

మాది ఆత్రేయపురం వైపు. పెరట్లో రెండు మడులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో అయిదేళ్లుగా ఏటా రెండుసార్లు రెండు వేళ్ల మందాన మాగిన కంపోస్టు వేస్తున్నాను, దారి పక్కన ఉన్న రెండోదాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈ చర్చ చదివాక ఈ రోజు ఉదయం రెండింటిలోనూ పార దింపి చూశాను. పట్టించుకోని మడిలో పార జానెడు కూడా దిగలేదు. పైకి వచ్చిన పెళ్ల, పార అంచు కోసిన వైపున తడి సబ్బు బిళ్లలా నున్నగా మెరిసింది. దాన్ని విరిస్తే కుండ పెంకుల్లా మూలలతో విడిపోయింది, గడ్డి వేళ్లు ఆ పెంకుల మధ్య పగుళ్లలో చదునుగా అణిగిపోయి ఉన్నాయి. కంపోస్టు మడిలో తీసిన మట్టి పార మీద నిలవకుండా మెంతి గింజంత, శనగ గింజంత ఉండలుగా రాలిపోయింది. వేళ్లు తెల్లగా, నాలుగు వైపులా, ఆ ఉండల మధ్యనుంచి దూరిపోయి ఉన్నాయి. తరువాత అడుగు కోసేసిన పాల డబ్బాలు రెండు తెచ్చి, ఒక్కో మడిలో ఒకటి గుచ్చి చెంబుడేసి నీళ్లు పోశాను. కంపోస్టు మడిలో నేను చెంబు కింద పెట్టి నడుము ఎత్తేలోపే సగం ఇంకిపోయింది. రెండో మడిలోని నీరు నేను స్నానం చేసి వచ్చాక కూడా మబ్బును చూపిస్తూ నిలిచే ఉంది.

మన గోదావరి డెల్టా నల్లమట్టి రేణువులు ఎంత సన్నవంటే, అవి ఒకదానికొకటి అంటుకుపోతే మధ్యలో గాలికి చోటుండదు. కంపోస్టును తినే సూక్ష్మజీవులు వదిలే జిగురు, బూజు దారాలు, వానపాముల విసర్జన ఆ రేణువులను చిన్న ఉండలుగా కడతాయి. ఉండకూ ఉండకూ మధ్య ఏర్పడే సందులోంచి అదనపు నీరు దిగుతుంది, ఉండ లోపలి తేమ మొక్కకు నిలువ ఉంటుంది. యూరియా ఎంత వేసినా ఈ పని జరగదు.

కాలువకింద_రైతు
డబ్బా పరీక్ష నేను కూడా గట్టు మీద చేసి చూస్తాను. మడిలో మొలకలు మెడ దగ్గర కుళ్లి పడిపోవడానికి నీరు నిలవడమే మూలమని నాకు అనుభవం, కాబట్టి ఆ మాట ఒప్పుకుంటాను. పొలం వరకు నా దారి వేరు. దమ్ముకు, అంటే నాట్ల కోసం బురద దున్నడానికి ముందు, జీలుగ అనే పచ్చిరొట్ట చల్లి, పూత దశలో కలియదున్నితే ఎరువు తోలే పని లేకుండానే నేలకు సేంద్రియ పదార్థం చేరుతుంది. నాలుగు సెంట్ల పెరటికి మాత్రం మీ పద్ధతే నయం.

అంబాజీపేట_మట్ట
అందరూ కుప్పలు పెట్టమని చెబుతున్నారు కాబట్టి కోనసీమ నుంచి ఒక హెచ్చరిక. కొబ్బరి చెట్లున్న చోట పట్టించుకోకుండా వదిలేసిన పెంటకుప్ప, కొబ్బరి మొవ్వును (నడినెత్తి చిగురును) తొలిచే కొమ్ము పురుగుకు పురిటిల్లు. రెండేళ్ల క్రితం మా కొత్త మొక్కల్లో విచ్చుకున్న మట్టలు కత్తెరతో కోణంగా కత్తిరించినట్టు వచ్చాయి. మొవ్వు దగ్గర నమిలిన పీచు కనిపించింది. ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియక తిరిగి తిరిగి, చివరికి మా దొడ్డివైపు కుప్పను తవ్వితే బొటనవేలంత లావున, కొడవలిలా వంగిన తెల్లటి లద్దె పురుగులు ఒక గంపెడు దొరికాయి. రెండు మొక్కలు మొవ్వు పోయి చచ్చిపోయాయి. వాటిని మా అమ్మగారు తులసి కోట పక్కన తన చేతులతో నాటారు.

పాలకొల్లు_పెరడు
మా పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు ఉన్నాయి. అయితే కంపోస్టు పని మానేయాలా?

తోటబడి_పాతవిద్యార్థి
మానవలసిన అవసరం లేదు. కదలకుండా, చల్లగా, నెలల తరబడి పడి ఉండే కుప్ప అంటేనే కొమ్ము పురుగుకు ఇష్టం. మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుకు తగ్గకుండా ఒకేసారి పేర్చి, తగినంత పచ్చి పదార్థం, తేమ ఉంచితే కుప్ప నడిమి వేడి 55 నుంచి 65 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ వేడికి కలుపు గింజలు, తెగుళ్ల బీజాలు చాలా వరకు చస్తాయి, లద్దె పురుగు బతకలేదు. పదిహేను రోజులకొకసారి తిరగవేస్తే అంచుల్లో ఉన్నది నడిమికి చేరుతుంది, కనబడిన పురుగులను ఏరి పారేయవచ్చు. అనుమానం ఉంటే మెటారైజియం అనే ఆకుపచ్చ బూజును కుప్పలో కలపండి, అది లద్దె పురుగుల ఒంటి మీద పెరిగి వాటిని చంపుతుంది. చెట్ల విషయానికి వస్తే, మొవ్వు చుట్టూ ఉన్న మట్టల మొదళ్లలో వేప పిండి, ఇసుక కలిపి వేసే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే.

అంబాజీపేట_మట్ట
తిరగవేయడం మొదలుపెట్టాక మాకు కూడా తగ్గింది. కుప్ప మీద పాత చేపల వల కప్పాము. గుడ్లు పెట్టడానికి వచ్చిన పెద్ద పురుగులు అందులో చిక్కుకున్నాయి.

మిద్దెమీద_మల్లె
కాకినాడలో మిద్దె మీద కుండీల్లో పెంచే నా అనుభవం వేరు. కంపోస్టు మంచిదన్నారని మొదటి ఏడాది కుండీల నిండా అదే నింపాను. నాలుగు నెలల్లో అది చివికి సగానికి కుంగిపోయింది, మల్లె వేళ్లు బయటపడ్డాయి, వానకు అడుగున బురదలా పేరుకుని నీరు దిగలేదు. ఇప్పుడు మూడు పాళ్ల మట్టికి ఒక పాలు కంపోస్టు చాలునని తెలుసుకున్నాను. వేసవిలో తేడా బాగా తెలుస్తుంది. ఒట్టి మట్టి కుండీకి మే నెలలో పూటకొకసారి నీరు పోయవలసి వస్తే, కంపోస్టు కలిపిన దానికి ఉదయం పోసిన నీరు సాయంత్రం దాకా సరిపోతుంది. వానపాముల తొట్టె పెట్టాలనుకునే వారికి ఒక మాట చెప్పాలి. మొదటి మే నెలలో నా వానపాములన్నీ ఒకే మధ్యాహ్నం చనిపోయాయి. వాటికి 20 నుంచి 30 డిగ్రీల చల్లదనం కావాలి, కాబట్టి తొట్టెను మెట్ల కింద నీడలో పెట్టి తడి గోనె కప్పండి.

కడియపులంక_అంటు
మిద్దెమీద_మల్లె గారి పాళ్లకు నేను ఇసుక ఒక పాలు చేరుస్తాను, మిద్దె మీద బరువు ఎక్కువవుతుందనుకుంటే దాని బదులు కడిగిన కొబ్బరి పొట్టు వేయవచ్చు. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు సార్లు మంచినీటిలో నానబెట్టి పిండితే గాని కుండీకి పనికిరాదు. నర్సరీ నుంచి మొక్క కొనుక్కునే వారు మరొక సంగతి గమనించాలి. మా వైపు మొక్కలు నల్లమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్దను అలాగే మెత్తటి కంపోస్టు మధ్యలో పెడితే చుట్టూ ఉన్నది తడుస్తుంది, ముద్ద మాత్రం ఎండి రాయిలా బిగుస్తుంది. నాటేముందు ముద్దను బకెట్టు నీటిలో నానబెట్టి, వేళ్లు తెగకుండా అంచులను వదులు చేయండి.

మిద్దెమీద_మల్లె
గులాబీలు మూడు ఎందుకు పోయాయో నాకు ఈ రోజు అర్థమైంది. చుట్టూ తడిగా ఉంటే లోపల కూడా తడిగానే ఉంటుందని అనుకున్నాను.

లంక_వంగతోట
మట్టిపిడికిలి గారు అయిదేళ్ల కంపోస్టు గురించి రాశారు. ఆయన నల్లమట్టి పట్టుకున్న దాన్ని వదలదు, నది నడుమ ఉండే మా లంక నేల అలా కాదు. వరద తీశాక మిగిలే ఒండ్రు మెత్తగా, వదులుగా ఉంటుంది, అందులో ఇసుక పాలు ఎక్కువ. నీరూ నిలవదు, వేసిన ఎరువూ నిలవదు. ఎండకు, తడికి కంపోస్టు ఒక్క ఏడాదిలోనే కరిగిపోతుంది. మాకు అది చేసే మేలు కూడా తలకిందులు. ఆయనకు నీరు దిగడానికి పనికొస్తే మాకు నీరు ఆగడానికి పనికొస్తుంది. చివికిన పదార్థం పొటాష్, అమ్మోనియా వంటి పోషకాలను పట్టి ఉంచుతుంది కాబట్టి, కంపోస్టు వేసిన సాళ్లలో ఎరువును రెండు మూడు దఫాలుగా కొంచెం కొంచెం వేస్తే వృథా పోవడం లేదు. అందుచేత మేము ప్రతి పంటకూ గుంటకు ఒక గంప చొప్పున మొక్క మొదట్లోనే వేసి, పైన అరటి ఆకులు కప్పుతాము. 2022 జులై వరదలో తోటంతా మునిగి, నీరు తీశాక జానెడు కొత్త ఒండ్రు పడింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాము.

మట్టిపిడికిలి
లంక_వంగతోట గారు చెప్పింది నిజం. నేల మారితే లెక్క మారుతుంది. నా మడికి కూడా ఒక ఏడాది ఆపి చూడాలన్న ధైర్యం నాకు లేదు.

తీరగాలి_నరసాపురం
ఉప్పు నేలల వాళ్ల మాట కూడా ఎవరైనా చెప్పాలి. మా చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక బోరు నీరు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా మారింది. కంపోస్టు వేస్తే ఉప్పు విరుగుతుందని ఎవరో చెబితే రెండేళ్లు నమ్మి వేశాను. మొక్క మొలకెత్తుతుంది, ఆకు అంచులు మాడుతాయి, అంతటితో సరి. ఆ నీరే పోస్తూ ఉన్నంత కాలం ఎంత కంపోస్టు వేసినా ఉప్పు పోదని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు డాబా మీద పడే వాన నీటిని సిమెంటు తొట్టెలో పట్టుకుని పెరటికి అదే వాడుతున్నాను, మడులను అడుగు ఎత్తు చేసి చుట్టూ కాలువ తీశాను. ఇవి చేశాకే కంపోస్టు పని కనిపించింది, వదులైన మట్టిలోంచి వానకు ఉప్పు కిందికి దిగి కాలువలోకి పోయింది. రెండేళ్ల తరువాత మొదటిసారి బెండ కాసింది.

తోటబడి_పాతవిద్యార్థి
తీరగాలి గారి మాటకు ఒక చేర్పు. పైన తెల్లగా పొక్కు కట్టే పాలచౌడుకు మంచినీటితో కడగడం, మురుగు పోయే దారి చూపడం మందు. తడిస్తే జిగటగా, ఎండితే ఇనుములా బిగిసే కారుచౌడుకు వీటితోపాటు జిప్సం కూడా కావాలి. మట్టి పరీక్ష చేయించకుండా జిప్సం చల్లవద్దు.

భీమవరం_గట్టు
రొయ్య తలకాయలు, పెంకులు కుప్పలో వేయవచ్చా? మా వీధిలో కోరినన్ని దొరుకుతాయి.

తీరగాలి_నరసాపురం
నేను వేశాను. మొదటిసారి పైపైనే వేస్తే రాత్రికి రాత్రి వీధి కుక్కలన్నీ కుప్పను లాగేశాయి, మా వదినగారు నాలుగు రోజులు దొడ్డి తలుపు తీయనివ్వలేదు. ఇప్పుడు మంచినీటితో కడిగి, కుప్ప నడుమ అడుగున్నర లోతున ఎండు పొట్టు మధ్య పెడుతున్నాను, వాసన లేదు. పెంకుల్లో ఉండే కైటిన్‌ను తినే సూక్ష్మజీవులు మట్టిలో పెరిగితే వేరుముడి నులిపురుగు అదుపులో ఉంటుందని చదివి వంగ మడిలో వేస్తున్నాను. వేళ్ల మీద బుడిపెలు మునుపటి కంటే తక్కువగా కనిపిస్తున్నాయి. ఒక్క పంటతోనే తేల్చి చెప్పలేను.

కడియపులంక_అంటు
వేరుముడి వచ్చిన వంగ మోళ్లను, వడలు తెగులుతో చచ్చిన టమాటా మొక్కలను మాత్రం ఎవరూ ఇంటి కుప్పలో వేయవద్దు. చిన్న కుప్ప అంచుల దాకా వేడెక్కదు, తెగులు ఎరువుతోపాటు మళ్లీ మడికే వస్తుంది.

కాలువగట్టు_పంతులు
కాలువల్లో గుర్రపు డెక్క తీసి గట్ల మీద పోస్తున్నారు. దాన్ని వాడుకుంటే కాలువకూ మేలు, పెరటికీ మేలు కదా?

మట్టిపిడికిలి
తప్పకుండా వాడుకోవచ్చు, నేను మూడేళ్లుగా వాడుతున్నాను. అందులో పదింట తొమ్మిది పాళ్లకు పైగా నీరే కాబట్టి పచ్చిగా వేస్తే కుప్ప మురిగిపోతుంది. రెండు మూడు రోజులు గట్టు మీదే వడలనిచ్చి, ముక్కలు కొట్టి, వరిగడ్డితో పొరలు పొరలుగా పేర్చండి. గడ్డిలో లేని నత్రజనిని ఇది అందిస్తుంది, ఇందులో లేని గుల్లతనాన్ని గడ్డి ఇస్తుంది. మురుగు కాలువలో పెరిగిన డెక్క కూరగాయల మడులకు వద్దు, అది నీటిలోని భార లోహాలను పీల్చుకుంటుంది.

కాలువగట్టు_పంతులు
గొయ్యి తీసి అందులో వేయడం మంచిదా, నేల మీద కుప్ప పెట్టడం మంచిదా? మా తాతగారు గొయ్యిలోనే వేసేవారు.

తోటబడి_పాతవిద్యార్థి
దీనికి పాత చరిత్ర ఉంది. ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేస్తూ రైతుల దగ్గర దొరికే తుక్కు, పేడ, మట్టి, బూడిద పొరలుగా పేర్చి తిరగవేసే పద్ధతిని రూపొందించారు. అందులో కూడా ఎండకాలానికి గొయ్యి, వానాకాలానికి నేల మీద కుప్ప అని విభజన ఉంది. తరువాత వచ్చిన బెంగుళూరు పద్ధతిలో గొయ్యిని మట్టితో కప్పి తిరగవేయకుండా వదిలేస్తారు, శ్రమ తక్కువ కానీ ఆరు నెలలు దాటుతుంది. మహారాష్ట్ర రైతు పేరుతో వచ్చిన నాడెప్ తొట్టెను గాలి ఆడేలా ఇటుకల మధ్య కన్నాలు వదిలి నేల మీదే కడతారు. మన డెల్టాలో రెండడుగులు తవ్వితే చాలా చోట్ల ఊట వస్తుంది. గొయ్యిలో నీరు చేరితే గాలి అందక మురుగు వాసన వస్తుంది, నత్రజని వృథా అవుతుంది. అందుచేత మెరక చోట, కింద కొబ్బరి మట్టలు పరచి, వాటి మీద కుప్ప పెట్టడమే మనకు తగినది.

అంబాజీపేట_మట్ట
తుపాను కబురు వినగానే కుప్ప మీద తాటాకులు, వాటి మీద పట్టా కప్పి రాళ్లు పెట్టండి. మూడు రోజుల ముసురులో తడిసిన కుప్ప నుంచి కారిన ఎర్రటి నీటితోపాటు సారం కూడా పోతుంది.

పాలకొల్లు_పెరడు
నా డ్రమ్ములో మిగిలిన సగాన్ని ఇప్పుడు ఏం చేయాలి? అది మాగిందో లేదో ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఉందా?

తోటబడి_పాతవిద్యార్థి
డ్రమ్ము ఖాళీ చేసి, దానికి సమానంగా పచ్చి పేడ, గ్లిరిసిడియా అనే పచ్చిరొట్ట చెట్టు ఆకు లేదా వడలిన గుర్రపు డెక్క కలిపి నేల మీద కుప్ప పెట్టండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. కొబ్బరి పొట్టు చాలా ఎక్కువగా ఉంటే దాన్ని వేరుగా చివికించుకోవాలి. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా చొప్పున, పొరల మధ్య ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం చల్లే పద్ధతి ఉంది. లిగ్నిన్‌ను విరగ్గొట్టే శక్తి ఆ బూజుకు ఉంది.

మాగిందో లేదో తెలుసుకోవడానికి తడి కంపోస్టు గుప్పెడు ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి మూడు రోజులు ఉంచండి. విప్పినప్పుడు తొలకరి మట్టి వాసన వస్తే సిద్ధమైనట్టు, పుల్లగా గాని ఘాటుగా గాని వస్తే ఇంకా కాలేదు. మరొకటి, రెండు పళ్లాల్లో 20 చొప్పున మెంతులు చల్లండి, ఒకదానిలో మీ కంపోస్టు కలిపిన మట్టి, మరొకదానిలో ఒట్టి మట్టి. తేడా మీకే కనిపిస్తుంది.

పాలకొల్లు_పెరడు
మెంతుల పరీక్ష ముగిసింది. ఒట్టి మట్టిలో 18 మొలకెత్తాయి, డ్రమ్ము సరుకు కలిపిన మట్టిలో 5 మాత్రమే వచ్చాయి, వాటి వేళ్ల కొసలు గోధుమ రంగులో ముడుచుకుని ఉన్నాయి. దాన్ని నేరుగా పసి నారు వేళ్ల కింద పెట్టినందుకు మనసు చివుక్కుమంది.

పాలకొల్లు_పెరడు
ఇరవై రెండు రోజుల తరువాత రాస్తున్నాను. రెండుసార్లు యూరియా నీరు కొట్టాక టమాటా చిగురు వేసింది, తొమ్మిది మొక్కల్లో ఏడు నిలిచాయి, మొదటి పూత కనిపించింది. మిరప ఇంకా వెనుకబడే ఉంది. పసుపు రంగుకు తిరిగిన పాత ఆకులు రాలిపోయాయి. డ్రమ్ములోని సరుకుకు పేడ, గుర్రపు డెక్క చేర్చి మెరక మీద మూడడుగుల కుప్ప పెట్టాను. నాలుగో రోజు ఉదయం ఇనుప చువ్వ గుచ్చి కాసేపు ఉంచి తీస్తే అరచేతిలో పట్టుకోలేకపోయాను, చువ్వ వెంట ఆవిరి వచ్చింది. మా అమ్మగారు కూడా పట్టుకుని చూసి, మా అమ్మమ్మగారి ఊళ్లో పెంటకుప్ప మీద పుష్య మాసం మంచులో ఇలాగే పొగ లేచేదని చెప్పారు. మొదటిసారి తిరగవేసినప్పుడు కొమ్ము పురుగు లద్దెలు మూడు దొరికాయి, మూడూ అంచుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు నాకున్న ఇబ్బంది ఒక్కటే. తరువాతి కుప్పకు గడ్డి చాలదు. చుట్టాల ఊళ్లో కోత మిషను పెట్టించి గడ్డిని పొలంలోనే కాల్చేశారు.

కాలువకింద_రైతు
మా సార్వా కోతలు ముగిశాయి. డబ్బా పరీక్ష కూడా చేసి చూశాను. పశువుల పాక ఉండిన చోట నీరు వెంటనే ఇంకింది, పొలం మధ్యలో నిలిచిపోయింది. పాక తీసేసి పదకొండేళ్లు అయ్యింది. ఈసారి గడ్డి కాల్చకుండా గట్టు మీద మోపులు కట్టించి పెట్టాను. మీకు ఎనిమిది మోపులు ఇవ్వగలను. మా ఊరు పాలకొల్లుకు ఆటోలో అరగంట దూరం. పక్కింటి గేదెల పేడ కూడా రెండు గోతాలు అడిగి ఉంచుతాను. ఆదివారం ఎండ ఎక్కకముందే రండి.

పాలకొల్లు_పెరడు
తప్పకుండా వస్తాను బాబాయి గారూ. గోతాలు నేనే తెస్తాను, మీరు వెతకవద్దు.